వాడకట్టు ఐక్యత: భివండీ అనుభవం

మతసామరస్యం మీద మన భాషలో వచ్చిన కథలను ఒకచోట పెట్టి చదివితే ఒక సంగతి కొట్టవచ్చినట్టు కనబడుతుంది. చాలా కథలు అల్లర్లు చెలరేగిన రాత్రి మొదలవుతాయి. ఒక ఇంటివారు పక్కింటి పరమతస్థులను తమ ఇంట దాచిపెడతారు. తలుపు బయట గుంపు, తలుపు లోపల మానవత్వం. తెల్లవారేసరికి గుంపు చెదిరిపోతుంది, మానవత్వం గెలుస్తుంది. ఇలాంటి సంఘటనలు జరగలేదని ఎవరూ అనరు. దేశ విభజన నాటి నుంచి నేటి దాకా ఎన్నో జరిగాయి. అయితే ఆ కథ చెప్పని విషయం ఒకటుంది. ఆ రాత్రికి ముందు పదేళ్ళపాటు ఆ వీధిలో ఏం జరిగింది? ఆ ఇంటివారు తలుపు తీయడానికి కారణం వారి మంచితనమే అయితే, మిగిలిన ఇళ్ళవారు తీయకపోవడానికి కారణం వారి దుర్మార్గమేనా?

ఈ ప్రశ్న వేసుకోని రచయిత, తెలియకుండానే, సామరస్యాన్ని వ్యక్తుల గుణంగా చూపిస్తాడు. మంచివాళ్ళుంటే వీధి నిలుస్తుంది, లేకపోతే తగలబడుతుంది అన్నట్టు తేలుతుంది. ఇది భావవాదం. వాడకట్టు ఐక్యత గుణం కాదు; అది నిర్మాణం. దాన్ని ఎవరో కట్టాలి, కట్టినదాన్ని రోజూ నిలబెట్టుకోవాలి. ఎలా కడతారు, ఎందుకు కూలుతుంది అన్నది పరిశీలించడానికి భివండీ పట్టణం కన్నా మంచి ఉదాహరణ దొరకదు. అది మనకు పరాయి ఊరేమీ కాదు. తెలంగాణ పల్లెల్లో భీమండి అని పిలిచే ఆ ఊరికి కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ జిల్లాల నుంచి తరాలుగా పద్మశాలీలు వలసపోయారు. అక్కడి పద్మనగర్ తెలుగువాళ్ళ పేట. పైగా అఖిల భారత అభ్యుదయ రచయితల మహాసభ 1949లో జరిగింది కూడా ఆ ఊళ్ళోనే. ఆ విషయానికి చివర్లో వస్తాను.

ఊరి పునాది

భివండీ బొంబాయికి ఈశాన్యాన, ఠాణే దాటిన తర్వాత వచ్చే శివారు పట్టణం. (ఆ మహానగరం పేరు 1995లో ముంబై అయింది, అంతకు ముందరి సంఘటనలు చెప్పేచోట నేను పాత పేరే వాడుతున్నాను.) ఊళ్ళో పాతకాపులు కొంకణీ ముస్లింలు, మరాఠీలు. 19వ శతాబ్దం నుంచి ఉత్తరప్రదేశ్ ప్రాంతపు మోమిన్ నేతగాళ్ళు వచ్చి చేరారు. తర్వాత మన పద్మశాలీలు వచ్చారు. నూలు వ్యాపారం కోసం గుజరాతీలు, మార్వాడీలు వచ్చారు. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది. మన సిరిసిల్ల కార్మికుడు సాంచా అని పిలిచే యంత్రమే అది. 1982 జనవరిలో బొంబాయి బట్టల మిల్లుల్లో దత్తా సామంత్ నాయకత్వాన రెండు లక్షలకు పైగా కార్మికులు సమ్మె కట్టారు. ఆ సమ్మె ఓడిపోయింది. మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మిల్లులో నేయవలసిన బట్ట భివండీ రేకుల షెడ్లకు తరలిపోయింది. ఊరు ఒక్కసారిగా ఉబ్బింది. 2011 జనాభా లెక్కల నాటికి అక్కడి జనం ఏడు లక్షలు దాటారు. అందులో సగానికి మించి ముస్లింలు.

ఇక్కడ మన సిద్ధాంత పరిజ్ఞానానికి ఒక పరీక్ష ఉంది. భివండీలో నూలు అమ్మేవాడు ఒక మతం, మగ్గాల ఆసామి మరొక మతం, మగ్గం నడిపేవాడు ఏ మతమైనా కావచ్చు. ఒకరు లేకపోతే మరొకరికి పూట గడవదు. ఉత్పత్తి సంబంధాలు రెండు మతాలవారినీ ఒకే దారంతో కట్టిపడేశాయి. భౌతిక పునాది ఇంత గట్టిగా ఉన్నప్పుడు ఉపరితలంలో సామరస్యం దానంతట అదే రావాలి కదా? రాలేదు. 1970 మే నెలలో శివాజీ జయంతి ఊరేగింపు సందర్భంగా ఊరు తగలబడింది. 1984 మే నెలలో మళ్ళీ తగలబడింది. ఈసారి మంటలు ఠాణేకు, బొంబాయికి కూడా పాకాయి. మొత్తం మీద రెండు వందల మందికి పైగా చనిపోయారు. రెండుసార్లూ మగ్గాలు కాలిపోయాయి. యజమాని మగ్గంతోపాటు కూలివాడి కూడూ కాలిపోయింది.

కాబట్టి పరస్పర ఆర్థికావసరం దానంతటదే ఐక్యతను పుట్టించదు. ఆ అవసరం మనుషుల్ని కలుపుతుంది నిజమే, కాని అసమానంగా కలుపుతుంది: అప్పు ఇచ్చినవాడు, తీసుకున్నవాడు, కూలి ఇచ్చేవాడు, అడిగేవాడు. ఆ సంబంధంలో ఆగ్రహం కూడా ఉంటుంది. దాన్ని వర్గ చైతన్యంగా మలిచే సంస్థ లేనప్పుడు, మతం పేరుతో మలచడానికి మరొకడు సిద్ధంగా ఉంటాడు. భివండీలో అలాంటి కార్మిక సంస్థ బలంగా లేకపోవడానికి కారణం కార్మికుల అజ్ఞానం కాదు, ఉత్పత్తి జరిగే తీరు. మిల్లులో వేలమంది ఒకే కప్పు కింద పనిచేస్తారు. భివండీలో పది ఇరవై మగ్గాలున్న షెడ్డు ఒక లోకం. పన్నెండు గంటల పాళీ. పాళీ దిగినవాడు పడుకునేది ఇరుకు గదిలో, ఒక్కోసారి ఆ షెడ్డులోనే. కూలివాడు మరో కూలివాణ్ణి కలిసేది పనిలో కాదు. నీళ్ళ పంపు దగ్గర, టీ బండి దగ్గర, మరుగుదొడ్ల వరస దగ్గర. అంటే భివండీ లాంటి ఊళ్ళో ఐక్యతకు గానీ విద్వేషానికి గానీ అసలు రంగస్థలం వాడకట్టే.

పుకారు నడిచే దారి

1970 అల్లర్ల మీద విచారణ జరిపిన జస్టిస్ డి.పి. మాడన్ కమిషన్ అనేక సంపుటాల నివేదిక ఇచ్చింది. ఆ కల్లోలం ఊరేగింపు రోజున ఉన్నట్టుండి పుట్టలేదని, దాని వెనుక కొన్నేళ్ళుగా పేరుకున్న ఉద్రిక్తత ఉందని, అందులో కొన్ని సంస్థల పాత్ర ఉందని ఆ నివేదిక చూపింది. పోలీసుల దర్యాప్తు పక్షపాతంతో నడిచిందని కూడా నిర్మొహమాటంగా చెప్పింది. మతకల్లోలాల మీద రాయదలచిన రచయిత చదవవలసిన పత్రం అది. ఎందుకంటే కథలో మనం 'అకస్మాత్తుగా' అని రాసేచోట ఆ నివేదిక తేదీలు వేస్తుంది.

ఆ తేదీల మధ్య ఖాళీల్లో ఏం జరుగుతుంది? ఒక ఉదాహరణ ఊహించుకుందాం. సందు మొగలో సైకిలు వచ్చి ఒక పిల్లవాడికి తగిలింది. సైకిలు వాడిది ఒక మతం, పిల్లవాడిది మరొక మతం. తల్లి అరిచింది, సైకిలు వాడు తిరిగి అరిచాడు. ఇక్కడిదాకా ఇది రెండిళ్ళ తగాదా. ఇప్పుడు ఆ ఇద్దరూ ఎక్కడికి వెళతారన్నదే అసలు ప్రశ్న. తల్లి తనవాళ్ళ దగ్గరికి వెళుతుంది. సైకిలు వాడు తనవాళ్ళ దగ్గరికి వెళతాడు. రెండు చోట్లా కథ రెండు రకాలుగా పెరుగుతుంది. సాయంత్రానికి ఒక వైపు పిల్లవాడి కాలు విరుగుతుంది. రాత్రికి ప్రాణం పోతుంది. మరో వైపు సైకిలు వాణ్ణి ఇరవై మంది పట్టుకొని కొట్టినట్టు వినబడుతుంది. అబద్ధమాడినవాడంటూ ప్రత్యేకంగా ఒకడుండడు. చెప్పేవాడూ వినేవాడూ ఒకే మతంవాళ్ళు కావడం వల్ల కథను అడ్డగించి 'నేనిప్పుడే ఆ పిల్లవాణ్ణి చూసి వస్తున్నాను' అనగలిగే మనిషి ఆ వరసలో ఎక్కడా ఉండడు.

మతకల్లోలాలను నడిపే స్వార్థశక్తులుంటాయి. వాటి వెనుక ఓట్ల లెక్కలుంటాయి, భూముల లెక్కలుంటాయి. ఆ సంగతి మన పత్రికల్లో చాలాసార్లు రాసుకున్నాం, రాస్తూనే ఉండాలి. కాని నిప్పు పెట్టేవాడికి ఎండుగడ్డి కావాలి. తగాదా పుట్టిన వెంటనే మతాలవారీగా చీలిపోయే వీధే ఆ ఎండుగడ్డి.

1988లో జరిగిన పని

1988లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి భివండీకి డిప్యూటీ కమిషనరుగా వచ్చాడు. పాత అల్లర్ల రికార్డులు తిరగేశాడు. సాధారణంగా మన ఊళ్ళల్లో శాంతిసంఘం అనేది అల్లర్లు జరిగిన తర్వాత ఏర్పడుతుంది. అందులో రెండు మతాల పెద్దలు, వ్యాపారులు, రాజకీయ నాయకులు కూర్చుంటారు. టీ తాగుతారు, ప్రకటన ఇస్తారు, ఫొటో దిగుతారు. ఆ పెద్దలకు తమ సందులో నిన్న ఏ తగాదా జరిగిందో తెలియదు. కొన్నిచోట్ల ఆ తగాదాను పెంచినవాడే ఆ కుర్చీలో కూర్చొని ఉంటాడు.

ఖోపడే దీన్ని తలకిందులు చేశాడు. ఊరిని చిన్న చిన్న మొహల్లాలుగా తీసుకొని ఒక్కొక్క మొహల్లాకు ఒక కమిటీ వేయించాడు. అలా సుమారు 70 కమిటీలు ఏర్పడ్డాయి. ప్రతి కమిటీలోనూ రెండు మతాలవాళ్ళూ ఉండాలి. ఉండవలసినవాళ్ళు పెద్దమనుషులు కాదు. ఆ సందులో ఉండే మామూలు జనం. మతోన్మాదం చరిత్ర ఉన్నవాళ్ళకు అందులో చోటు లేదు. ఆ బీటు పోలీసు వచ్చి వారితో కూర్చోవాలి. సమావేశం అల్లర్లప్పుడు కాదు, మామూలు రోజుల్లో జరగాలి. మాట్లాడవలసింది జాతీయ సమైక్యత గురించి కాదు. ఆ వాడలో ఉన్న చిన్న చిన్న తగాదాల గురించి. తగాదా మతం రంగు పులుముకోకముందే, రెండు మతాలవాళ్ళూ కూర్చున్న చోటికి రావాలి. ఆలోచన అంతే.

1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చారు. ఆ డిసెంబరులోనూ తర్వాతి జనవరిలోనూ బొంబాయి రెండు విడతలుగా కాలిపోయింది. జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం 900 మంది చనిపోయారు. బొంబాయిని అంటుకొని ఉన్న భివండీ, రెండుసార్లు తగలబడ్డ చరిత్ర ఉన్న భివండీ, సగానికి మించి ముస్లింలున్న భివండీ, ఈసారి తగలబడలేదు. ఖోపడే తర్వాత ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. ముంబై ఎందుకు కాలింది, భివండీ ఎందుకు కాలలేదు అన్నదే ఆ పుస్తకం పేరులోని ప్రశ్న.

ఎందుకు కాలలేదు? కమిటీ సభ్యులు మహాత్ములు కావడం వల్ల కాదు. నాలుగేళ్ళుగా వారానికో నెలకో ఒకచోట కూర్చున్న మనుషులకు ఒకరి పేరొకరికి తెలుసు, ఇల్లు తెలుసు. పుకారు వచ్చినప్పుడు అవతలి సందుకు వెళ్ళి అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆ అడగడం అలవాటై ఉంది. అలవాటు అన్న మాట ఇక్కడ ముఖ్యం. కష్టకాలంలో మనిషి కొత్తగా ధైర్యం తెచ్చుకోడు. అలవాటైన పనే చేస్తాడు. వీధికి ముందే ఒక మంచి అలవాటు చేసిపెట్టడమే కమిటీ చేసిన పని.

అశుతోష్ వార్ష్నే అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు ఆరు భారతీయ నగరాలను జతలుగా పోల్చి 2002లో ఒక గ్రంథం ప్రచురించాడు. అందులో హైదరాబాదు కూడా ఉంది. ఆయన చేసిన విభజన మనకు ఉపయోగపడుతుంది. పలకరింపులు, పండగ మిఠాయిలు, పిల్లలు కలిసి ఆడుకోవడం ఒక రకం సంబంధం. సంఘాలు, యూనియన్లు, వ్యాపార సమితులు, చదువరుల సంఘాలలో కలిసి పనిచేయడం మరొక రకం. పల్లెలో మొదటిది చాలవచ్చు. నగరంలో ఎవరు ఎవరో తెలియని జనసమ్మర్దంలో అది నిలవదు. రెండోదే నిలుస్తుందని ఆయన వాదన. ఇఫ్తారు విందుకు వెళ్ళి రావడం, దసరాకు జమ్మి ఆకు ఇచ్చి అలయ్ బలయ్ తీసుకోవడం మంచివే. అవి సంబంధానికి పూత మాత్రమే. పునాది వేరే ఉండాలి.

మూడు అభ్యంతరాలు

ఇక్కడ అభ్యుదయవాదికి సహజంగా కొన్ని సందేహాలు కలుగుతాయి. వాటిని దాటవేయకూడదు.

మొదటిది: ఇది పోలీసు వేసిన కమిటీ కదా? రాజ్యయంత్రం ప్రజల ఇళ్ళల్లోకి తొంగిచూడడానికి వేసుకున్న కిటికీ కాదా? ఈ సందేహంలో నిజం ఉంది. 1970లో పోలీసు పక్షపాతం విచారణలోనే తేలిన ఊరది. అయితే మొహల్లా కమిటీ పోలీసుకు జనాన్ని చూపినట్టే, జనానికి పోలీసును కూడా చూపింది. లాఠీతో మాత్రమే కనిపించే మనిషి కుర్చీలో కూర్చొని జవాబు చెప్పవలసి వచ్చింది. ఈ మేలును కాదనలేం. కాని ఒక అధికారి ఉత్సాహం మీద లేచిన సంస్థ ఆ అధికారి బదిలీతో వంగిపోతుంది. అధికారులు మారేకొద్దీ కమిటీల పట్టు సడలింది. 2006 జూలైలో శ్మశానం పక్కనున్న స్థలంలో పోలీస్ స్టేషను కట్టే విషయమై వివాదం రేగింది. కాల్పుల్లో ఇద్దరు పౌరులు చనిపోయారు. ఇద్దరు కానిస్టేబుళ్ళను గుంపు చంపింది. గమనించండి, అది రెండు మతాల మధ్య కల్లోలం కాదు, జనానికీ పోలీసుకూ మధ్య కల్లోలం. పోలీసు నడిపిన వారధి మీద పోలీసే ఒక పక్షమైనప్పుడు, ఆ వారధి బరువు మోయలేకపోయింది. కమిటీకి కాళ్ళు వీధిలో ఉండాలి గాని స్టేషనులో కాదు.

రెండవది: వర్గం ఎక్కడ? ఆసామీ కూలివాడూ ఒకే కమిటీలో కూర్చుంటే కూలివాడి గొంతు లేస్తుందా? లేవడం కష్టమే. వాడకట్టు ఐక్యత కార్మిక సంఘానికి బదులు కాదు. కూలి రేటు కోసం పోరాడే సంస్థ వేరే ఉండాల్సిందే. కాని ఒకటి మరవకూడదు. కల్లోలం జరిగిన మర్నాడు కూలి రేటు కోసం ఏ సమ్మె జరగదు. మతాలవారీగా చీలిన వాడలో యూనియన్ పుట్టదు, పుట్టినా ఎక్కువ కాలం బతకదు. వాడ ఐక్యత వర్గపోరాటం కాదు. వర్గపోరాటం నిలబడడానికి కావలసిన నేల.

మూడవది మనకు మరింత ఇబ్బంది కలిగించేది. వీధి స్ఫూర్తి అన్నంత మాత్రాన అది అభ్యుదయం అవుతుందా? బొంబాయి చరిత్ర కాదంటుంది. పరేలు, లాల్‌బాగ్ మిల్లు పేటలు ఒకప్పుడు ఎర్రజెండా కోటలు. 1966లో శివసేన పుట్టింది. 1970 జూన్‌లో పరేలు కమ్యూనిస్టు శాసనసభ్యుడు కృష్ణా దేశాయిని హత్య చేశారు. ఆ ఏడాదే జరిగిన ఉప ఎన్నికలో ఆయన భార్య ఓడిపోయింది. శివసేనకు మొదటి శాసనసభ్యుడు ఆ స్థానం నుంచే వచ్చాడు. హత్య ఒక్కటే దీనికి కారణం అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. శివసేన శాఖ అన్నది వీధి మొగలో ఉండే గది. పంపు రాకపోతే అక్కడికి పోవచ్చు. పిల్లవాడికి ఉద్యోగం కావాలంటే, ఆసుపత్రికి బండి కావాలంటే, పక్కింటివాడితో తగాదా తీరాలంటే అక్కడికి పోవచ్చు. యూనియన్ మిల్లు గేటు దగ్గర బలంగా ఉంది. గేటు దాటి ఇంటికి పోయిన కార్మికుడి సాయంత్రాలు, అతని భార్య పగటి కష్టాలు, పిల్లవాడి సెలవురోజులు మరొకరి చేతికి పోయాయి. పంపు పట్టించుకున్నవాడిదే వాడ అయింది.

కాబట్టి వాడకట్టు స్ఫూర్తి తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఒక పాత్ర. లోపలికి ఎవరిని రానిస్తారన్న దాన్ని బట్టే అది ఏమవుతుందో తేలుతుంది. ఒకే మతం, ఒకే భాషవాళ్ళను కలిపి కట్టిన ఐక్యత ఎంత గట్టిగా ఉంటే పొరుగువాడికి అంత ప్రమాదం. భివండీ కమిటీ ప్రాణం అంతా ఆ ఒక్క నియమంలో ఉంది: రెండు వైపులవాళ్ళూ మొదటి రోజు నుంచే ఉండాలి.

మన శివార్లు

హైదరాబాదు చుట్టూ పెరిగిన శివారు మునిసిపాలిటీలు పన్నెండింటిని 2007లో మహానగరంలో కలిపారు. ఆ పేటల్లో తెలంగాణ, కోస్తా, రాయలసీమ జిల్లాల కుటుంబాలతోపాటు మార్వాడీ దుకాణదారులు, బీహారు, ఒడిశా భవన నిర్మాణ కూలీలు ఉంటున్నారు. సంఘాలకు లోటు లేదు; కాలనీకొక సంక్షేమ సంఘం, అపార్టుమెంటుకొక సంఘం ఉన్నాయి. కాని ఆ సంఘాలు చాలావరకు ఇంటి యజమానుల సంఘాలు. అద్దెకున్నవాడికి ఓటుండదు. వాచ్‌మన్‌కు, పనిమనిషికి, మూల మీది మేస్త్రీకి ఆ సమావేశంలో కుర్చీ ఉండదు. వాళ్ళ గురించి తీర్మానాలు మాత్రం ఉంటాయి. ఆ సంఘం గేటు ఎప్పుడు మూయాలో నిర్ణయిస్తుంది. గేటు బయట ఉన్నవాడితో ఎలా మాట్లాడాలో దానికి తెలియదు.

1992లో పార్లమెంటు ఆమోదించి, 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పురపాలికల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. కాగితం మీద ఆ చోటు మనకుంది. దానిలో ఎవరు కూర్చుంటారన్నదే పోరాటం. అద్దె ఇళ్ళవాళ్ళు, వలస కూలీలు, స్త్రీలు కూర్చుంటే అది మొహల్లా కమిటీ అవుతుంది. కార్పొరేటరు అనుచరులు కూర్చుంటే పాత శాంతిసంఘమే అవుతుంది.

భివండీ కూడా మారిపోతోంది. మగ్గాల చప్పుడు తగ్గుతోంది. చుట్టుపక్కల పల్లెల్లో గోదాములు లేస్తున్నాయి. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున జీలానీ అనే మూడంతస్తుల భవనం నిద్రపోతున్న మనుషుల మీద కూలి ముప్పై మందికి పైగా చనిపోయారు. అల్లర్లలో చనిపోతే విచారణ కమిషన్ వస్తుంది. పాత గోడ కూలి చనిపోతే నాలుగు రోజుల వార్త అవుతుంది. నా దృష్టిలో ఈ రెండూ వేరువేరు విషయాలు కావు. పగుళ్ళు పడ్డ గోడ గురించి కలిసి అర్జీ పెట్టుకోగలిగిన వాడ, పుకారు వచ్చినప్పుడు కూడా కలిసి నిలబడుతుంది. మొదటిది చేతకాని వాడకు రెండోది కూడా చేతకాదు.

రచయిత పని

ఇప్పుడు మన సంగతి. 1949 మే నెలలో అఖిల భారత అభ్యుదయ రచయితల మహాసభ భివండీలో జరిగింది. అక్కడ ఆమోదించిన ప్రణాళిక తీవ్రమైనది. దాని కొలతకు సరిపోని రచయితలు ఎందరో ఆ తర్వాత బయట నిలబడవలసి వచ్చింది. 1953 ఢిల్లీ మహాసభలో దాన్ని మార్చుకోవలసి వచ్చింది. చిత్రమేమంటే, వాకిలి ఎంత వెడల్పు ఉండాలన్న ప్రశ్న తర్వాతి కాలంలో ఏ ఊరి వీధుల్లో ప్రాణం మీదికి వచ్చిందో, ఆ ఊళ్ళోనే మనం మన వాకిలిని ఇరుకు చేసుకున్నాం. ఆ రోజుల నిర్బంధాన్ని, ఆవేశాన్ని అర్థం చేసుకుంటూనే ఈ మాట చెప్పుకోవాలి. ఐక్య సంఘటన గురించి వీధికి చెప్పే సంఘం ముందు తన సభ్యత్వ పట్టిక చూసుకోవాలి.

తెలుగులో ఆ వాకిలిని వెడల్పు చేసిన సంఘటన ఒకటి జరిగింది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథా సంకలనం వచ్చాయి. అంతకు ముందు మన సాహిత్యంలో ముస్లిం ఎక్కువగా పాత్ర: మంచి సాయిబు, నమ్మకమైన పొరుగువాడు, రక్షించేవాడు లేదా రక్షింపబడేవాడు. ఈ సంకలనాల్లో అతను రచయిత. తన ఇంటి గురించి, తన పేదరికం గురించి, ఆ మంచి సాయిబు వేషం మోసి మోసి అలసిన భుజాల గురించి తనే చెప్పుకున్నాడు. కొందరు అభ్యుదయవాదులకు ఆ గొంతు మొదట కటువుగా వినిపించింది. కమిటీ మొదటి సమావేశం కూడా అలాగే ఉంటుంది. మర్యాదలు అయిపోయిన తర్వాతే మాట మొదలవుతుంది.

సాహిత్య విద్యార్థులకు ఒక సూచన. సామరస్యం మీద కథ చదివినప్పుడు ఎవరు ఎవరిని కాపాడారని మాత్రమే కాక, ఈ పాత్రలు అంతకు ముందు ఎక్కడ కలుసుకునేవారు, ఏ పని మీద కలుసుకునేవారు, తగాదా వస్తే ఎవరి దగ్గరికి పోయేవారు అని కూడా అడగండి. కథలో దానికి జవాబు లేకపోతే ఆ కథ కింద నేల లేదన్నమాట. రచయితలు కూడా రాయడానికి కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నే వేసుకోవాలి. అల్లర్ల రాత్రి రాయడం సులభం. దానికదే నాటకీయత తెచ్చిపెడుతుంది. ఏ అల్లరీ జరగని మంగళవారం సాయంత్రం, పంపు దగ్గర బిందెల వరస గురించి ఇద్దరు ఆడవాళ్ళు తగాదా పడి, దాన్ని తమ తమ ఇళ్ళకు మోసుకుపోకుండా అక్కడే తేల్చుకోవడాన్ని రాయడం కష్టం. భివండీని 1992లో కాపాడినవి అలాంటి సాయంత్రాలే. ఆ కథ ఇంకా రావలసే ఉంది.